సంక్రాంతికి ఊరెళ్తున్నారా? లీవ్ పెట్టడం నుంచి తిరుగు ప్రయాణం దాకా సమగ్ర మార్గదర్శి

సంక్రాంతికి ఊరెళ్ళేవాళ్ళలో చాలామంది భోగి ముందు రోజు రాత్రికి ఇల్లు చేరతారు, కనుమ మర్నాడు బ్యాగు సర్దేస్తారు. ఆ మూడు రోజులూ అమ్మ పొయ్యి దగ్గర ఉంటుంది, నాన్న బజారు పనుల్లో ఉంటారు, వచ్చేపోయే చుట్టాలతో వాకిలి ఖాళీ ఉండదు. నాన్న మెట్లెక్కడానికి గోడ పట్టుకుంటున్నారని, అమ్మ రాత్రి మాత్ర మర్చిపోతోందని ఆ సందడిలో ఎవరి కంటా పడదు. పండగ బాగా జరిగిందనుకుంటూ బస్సెక్కేస్తాం. మార్చిలో ఎవరో పక్కింటివాళ్ళు ఫోన్ చేసి చెబితే గానీ అసలు సంగతి తెలియదు.

అందుకని ఈ మార్గదర్శి మొత్తం ఒక సలహా చుట్టూ నడుస్తుంది. పండగకి ముందో వెనకో కనీసం రెండు మామూలు రోజులు ఇంట్లో ఉండేలా ప్రయాణం వేసుకోండి. మామూలు రోజంటే బ్యాంకు తెరిచి ఉండే రోజు, డాక్టరు దొరికే రోజు, పిండివంటల పని లేని రోజు. టికెట్లు, లీవ్, డబ్బు, సామాను అన్నీ ఆ రెండు రోజుల కోసమే అనుకుని సర్దుకుంటూ వస్తే మిగతాదంతా తేలికవుతుంది.

హైదరాబాద్ నుంచి కోస్తా జిల్లాలకు వెళ్ళేవాళ్ళని దృష్టిలో పెట్టుకుని రాస్తున్నాను. బెంగళూరు, చెన్నైలలో ఉండేవాళ్ళకి దారులు వేరైనా పద్ధతి ఇదే. తెలంగాణ ఊళ్ళకి బతుకమ్మకి, దసరాకి వెళ్ళేవాళ్ళు తేదీలు మార్చుకుని ఇవే మెట్లు అనుసరించవచ్చు.

మొదటి మెట్టు: అక్టోబరులోనే తేదీలు తేల్చుకోండి

భోగి ఏడాదిని బట్టి జనవరి 13నో 14నో వస్తుంది. ముందు క్యాలెండరులో ఆ మూడు రోజులూ గుర్తు పెట్టుకుని, ఇంటికి ఫోన్ చేయండి. టికెట్లు కొన్నాక కాదు, కొనకముందే. నాన్న కంటి ఆపరేషన్ పండగ తర్వాతకి పెట్టుకున్నారనో, తమ్ముడికి ఈసారి డ్యూటీ పడిందనో అప్పుడే తెలుస్తుంది.

మామూలు రోజులు ముందు పెట్టుకోవాలా, వెనక పెట్టుకోవాలా? ఇంట్లో పెద్దవాళ్ళకి అరవై అయిదు దాటితే ముందే వెళ్ళమంటాను. బూజులు దులపడం, రంగులు వేయించడం, బియ్యం నానబోసి పిండి పట్టించడం, పరుపులు ఎండలో వేయడం లాంటి ఒళ్ళు అలిసిపోయే పనంతా పండగకి ముందు వారంలోనే ఉంటుంది. మనం వస్తున్నామనే వాళ్ళు ఆ చాకిరీ పెట్టుకుంటారు. మనం చేరేసరికి అన్నీ అయిపోయి ఉంటాయి, వాళ్ళ నడుము పడిపోయి ఉంటుంది. 9వ తేదీనో 10వ తేదీనో వెళ్ళి 17న తిరిగొస్తే ఆ పనిలో చెయ్యి వేయవచ్చు, రోడ్ల మీద రద్దీ కూడా తప్పుతుంది. అమ్మానాన్న ఇంకా చురుగ్గా ఉంటే 12న వెళ్ళి 20 దాకా ఉండటం కూడా బాగానే ఉంటుంది. చుట్టాలు వెళ్ళిపోయాక ఇల్లు నెమ్మదించి, కబుర్లు అసలు అప్పుడే మొదలవుతాయి.

లీవ్ సంగతి ముందుగా అడిగినవాళ్ళకే దొరుకుతుంది. టీములో సగం మంది తెలుగువాళ్ళయితే పోటీ తప్పదు. డిసెంబర్ 25, జనవరి 1 ప్రాంతంలో మీరు పని చూసుకుంటానని చెప్పి, బదులుగా పండగ వారం అడగండి. చాలా చోట్ల ఈ మాట పనిచేస్తుంది. ఊరి నుంచి ల్యాప్‌టాప్ మీద పని చేసే రోజును మాత్రం మామూలు రోజుల లెక్కలో వేయకండి. ఇంట్లోనే ఉండి తలుపు వేసుకుని మీటింగుల్లో కూర్చుంటే పెద్దవాళ్ళకి అది ఇంకా బాధగా ఉంటుంది. వాళ్ళు గట్టిగా మాట్లాడటానికి కూడా జంకుతారు.

పెళ్ళయినవాళ్ళకి పుట్టిల్లా, అత్తారిల్లా అన్న ప్రశ్న ఉంటుంది. పెళ్ళయిన మొదటి సంక్రాంతికి కొత్త అల్లుడు అత్తారింటికి వెళ్ళడం ఆనవాయితీ కాబట్టి ఆ ఏడు పేచీ లేదు. తర్వాత నుంచి ఏడాది అటు, ఏడాది ఇటు అన్నది సరైన పద్ధతి. రెండు ఊళ్ళూ గంట ప్రయాణంలో ఉంటే భోగి ఒక చోట, కనుమ ఒక చోట చేసుకోవచ్చు. దూరం ఎక్కువైతే మూడు రోజుల్ని ముక్కలు చేయకండి. ఆ ఏడు పండగ దక్కని ఇంటికి మామూలు రోజులు ఇవ్వండి. నిజానికి వాళ్ళకే ఎక్కువ దక్కినట్టు. ఒక్క నియమం మాత్రం గట్టిగా పాటించండి. ఎవరి అమ్మానాన్నలకి వాళ్ళే చెప్పుకోవాలి. "ఈసారి మేం రావట్లేదు" అన్న మాట కోడలి నోట చెప్పించడం న్యాయం కాదు.

రెండో మెట్టు: రైలు టికెట్లకి అలారం పెట్టుకోండి

2024 నవంబర్ 1 నుంచి రైలు రిజర్వేషన్ ప్రయాణానికి 60 రోజుల ముందు తెరుచుకుంటోంది. అంతకుముందు 120 రోజులుండేది. ప్రయాణం రోజును లెక్కలో కలపరు. అంటే జనవరి 12 రైలుకి నవంబర్ 13న, తిరుగు ప్రయాణం జనవరి 18న అయితే నవంబర్ 19న ఉదయం 8 గంటలకి టికెట్లు తెరుస్తారు. విశాఖ, కాకినాడ, నర్సాపురం వైపు వెళ్ళే రైళ్ళలో పండగ ముందు రోజుల బెర్తులు నిమిషాల్లో అయిపోతాయి. 9, 10 తేదీలకి చూసేవాళ్ళకి కాస్త ఊపిరి ఆడుతుంది. ముందే వెళ్ళమనడానికి ఇదొక కారణం.

ఆ ఉదయానికి ముందే చేసుకోవాల్సినవి కొన్ని ఉన్నాయి. ఐఆర్‌సీటీసీ ఖాతాకి ఆధార్ జత చేసి ధ్రువీకరణ పూర్తి చేసుకోండి. 2025 జులై నుంచి తత్కాల్‌కి, అక్టోబర్ నుంచి రిజర్వేషన్ తెరిచే వేళ మామూలు టికెట్లకి కూడా అది తప్పనిసరి అయింది. వెళ్ళేవాళ్ళ పేర్లు, వయసులు మాస్టర్ లిస్టులో ముందే ఎక్కించి పెట్టండి. యూపీఐ ఆ ముందు రోజే ఒకసారి సరిచూసుకోండి. వెళ్ళే టికెట్టూ తిరిగొచ్చే టికెట్టూ వేరు వేరు రోజుల్లో తెరుచుకుంటాయి కాబట్టి అలారాలు రెండు పెట్టుకోవాలి. రెండోది మర్చిపోయేవాళ్ళే ఎక్కువ.

మీ స్టేషన్‌కే దొరకాలని పట్టుపట్టకండి. కోనసీమ వెళ్ళాలంటే రాజమండ్రి, సామర్లకోట, పాలకొల్లు, నర్సాపురం అన్నీ చూడండి. శ్రీకాకుళం వెళ్ళాలంటే విజయనగరం గానీ పలాస గానీ దొరికినా చాలు, అక్కడి నుంచి బస్సుంటుంది. టికెట్టు మీద ఎక్కే స్టేషన్ పేరు కూడా రెండుసార్లు చూసుకోండి. 2025 జనవరిలో చర్లపల్లి కొత్త టెర్మినల్ ప్రారంభమయ్యాక కొన్ని రైళ్ళు, పండగ ప్రత్యేక రైళ్ళు అక్కడి నుంచి నడుస్తున్నాయి. కూకట్‌పల్లి నుంచి చర్లపల్లి చేరాలంటే నగరం ఒక చివర నుంచి ఇంకో చివరకి పోవడమే.

ఇప్పుడు వెయిటింగ్ లిస్టు టికెట్టుతో స్లీపర్‌లో గానీ ఏసీలో గానీ ఎక్కనివ్వరు. ఆన్‌లైన్‌లో కొన్నది చార్టు వేసేసరికి ఖరారు కాకపోతే దానంతటదే రద్దయి డబ్బు వెనక్కొస్తుంది. కాబట్టి వెయిటింగ్ లిస్టులో ఉన్నవాళ్ళు బస్సు కూడా చూసుకుని ఉంచుకోవాలి. దక్షిణ మధ్య రైల్వే ఏటా పండగ ప్రత్యేక రైళ్ళు వేస్తుంది. కాస్త ఆలస్యంగా ప్రకటిస్తారు కాబట్టి డిసెంబరులో అప్పుడప్పుడూ చూస్తూ ఉండండి. తత్కాల్ చివరి దారి. రైలు బయలుదేరే మొదటి స్టేషన్ లెక్కన ఒక రోజు ముందు, ఏసీకి ఉదయం 10 గంటలకి, స్లీపర్‌కి 11 గంటలకి తెరుస్తారు. తత్కాల్‌లో ఖరారైన టికెట్టు రద్దు చేస్తే డబ్బు తిరిగి రాదు.

మూడో మెట్టు: బస్సయినా కారయినా

ఏపీఎస్‌ఆర్టీసీ, టీజీఎస్‌ఆర్టీసీ రెండూ పండగకి అదనపు బస్సులు వేస్తాయి. ప్రైవేటు బస్సుల్లో ఛార్జీ రోజురోజుకీ పెరుగుతుంది కాబట్టి అక్కడా తొందరపడటమే మంచిది. మహిళల ఉచిత ప్రయాణం తెలంగాణలో 2023 డిసెంబర్ నుంచి, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 15 నుంచి ఉంది. అది ఆ రాష్ట్రం లోపల తిరిగే పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ లాంటి బస్సులకే. హైదరాబాద్ నుంచి విజయవాడ వెళ్ళే సూపర్ లగ్జరీకి వర్తించదు. పైగా ఆ రాష్ట్రం చిరునామా ఉన్న గుర్తింపు కార్డు చూపించాలి. హైదరాబాద్ చిరునామాకి ఆధార్ మార్చుకున్న అమ్మాయిలు ఏలూరులో దిగి ఊరి బస్సెక్కితే టికెట్టు కొనాల్సిందే.

కారులో అయితే హైదరాబాద్ నుంచి విజయవాడకి 65వ నంబరు జాతీయ రహదారి మీద సుమారు 270 కిలోమీటర్లు. మామూలు రోజుల్లో అయిదు గంటలు. భోగికి ముందు రెండు రోజుల్లో చౌటుప్పల్ దాటేసరికే ఓపిక అయిపోతుంది. పంతంగి, కొర్లపహాడ్, చిల్లకల్లు టోల్ గేట్ల దగ్గర బారులు తీరతాయి. ఫాస్టాగ్‌లో డబ్బు వేసి ఉంచుకోండి. 2025 నవంబర్ 15 నుంచి ఫాస్టాగ్ పనిచేయకపోతే యూపీఐతో 1.25 రెట్లు కట్టాలి. ఏడాదిలో చాలాసార్లు ఊరికి తిరిగేవాళ్ళయితే ఫాస్టాగ్ వార్షిక పాస్ చూడండి. సొంత కార్లకి 200 గేట్లు గానీ ఏడాది గానీ, ఏది ముందయితే అంతవరకు చెల్లుతుంది.

అందరూ ఆ దారినే పట్టుకోనక్కర్లేదు. ఒంగోలు, నెల్లూరు వెళ్ళేవాళ్ళు నార్కట్‌పల్లి దగ్గర తిరిగి మిర్యాలగూడ, పిడుగురాళ్ళ, అద్దంకి మీదుగా పోవచ్చు. పల్నాడు వైపు నాగార్జునసాగర్, మాచర్ల దారి ఉంది. గోదావరి జిల్లాలవాళ్ళకి సూర్యాపేట దాకా వెళ్ళి ఖమ్మం, సత్తుపల్లి, అశ్వారావుపేట దారి నయం.

తెల్లవారుజామున మూడింటికి బయలుదేరితే ఖాళీగా ఉంటుందని చాలామంది చెబుతారు. జనవరిలో నేను ఆ సలహా ఇవ్వను. నాలుగు నుంచి ఎనిమిది దాకా కృష్ణా పరిసరాల్లో, పొలాల మధ్య మంచు దట్టంగా కమ్ముకుంటుంది, ముందు ఆగి ఉన్న లారీ కనపడదు. రోజంతా ఆఫీసులో కూర్చుని, రాత్రి సామాను సర్దుకుని, నిద్ర లేకుండా స్టీరింగ్ పట్టుకునే మనిషికి అది ఇంకా ప్రమాదం. 9వ తేదీనో 10వ తేదీనో పగటిపూట బయలుదేరండి.

నాలుగో మెట్టు: వెళ్ళేముందు చేసే ఫోను, పంపే డబ్బు

పండగ ఖర్చు నెల మొదట్లోనే పంపండి. మనం వెళ్ళాక చేతిలో పెడదామనుకుంటే అప్పటికే వాళ్ళు కిరాణా కొట్లో అప్పు రాయించి ఉంటారు, లేదా దాచుకున్న డబ్బు తీసి ఉంటారు. అడిగితే "మాకేం వద్దు నాయనా" అంటారు. అడగకుండా వేయడమే పద్ధతి. తిరిగి వచ్చేటప్పుడు అమ్మ చేతికి విడిగా కొంత నగదు ఇవ్వండి, తన పేరుతో తను ఖర్చు పెట్టుకునేలా. ఇంట్లో పనిమనిషికి, పాలేరుకి, పాలు పోసేవాళ్ళకి పండగ మామూలు మీరు ఇవ్వండి. మనం లేని రోజుల్లో అమ్మానాన్నల్ని కనిపెట్టి చూసేది వాళ్ళే.

ఏం తేవాలో అమ్మని అడిగితే ఏమీ వద్దంటుంది. పక్కింటి అక్కనో, ఊళ్ళో ఉన్న చిన్నాన్ననో అడగండి. "బాత్‌రూములో జారుతోందిరా", "రాత్రి వరండాలో లైటు వెలగట్లేదు" అని అసలు విషయం అక్కడ తెలుస్తుంది. చీరా పంచే ఎలాగూ ఉంటాయి. వాటితో పాటు బాత్‌రూములో జారని చాప, గోడకి పట్టుకునే కడ్డీ, బీపీ చూసుకునే మిషను, రాత్రంతా సన్నగా వెలిగే చిన్న లైటు తీసుకెళ్ళండి. కడ్డీ బిగించే మనిషిని కూడా మీరే పిలిపించాలి. పెట్టెలోనే ఉండిపోయిన కడ్డీలు చాలా ఇళ్ళలో చూశాను.

నగరంలో ఇంటికి తాళం వేసే ముందు గ్యాసు, నీళ్ళ మోటారు, గీజరు కట్టేయండి. నగలు ఇంట్లో వదలకండి. పక్క ఫ్లాటు వాళ్ళకి, వీలైతే దగ్గరలోని పోలీస్ స్టేషన్‌లో చెప్పి వెళ్ళండి. ఊళ్ళో దిగిన ఫొటోలు తిరిగొచ్చాక పెట్టుకోవచ్చు.

అయిదో మెట్టు: చేరిన రోజు

ఆ రోజు ఏ పనీ పెట్టుకోకండి. స్నేహితులు కబురు పెట్టినా రేపొస్తానని చెప్పండి. ఇంటి చుట్టూ ఒకసారి తిరిగి చూడండి, తనిఖీ చేస్తున్నట్టు కాకుండా. పెరట్లో కొబ్బరి చెట్టు ఎలా ఉంది, గేదె ఈనిందా, కొత్తగా వేసిన పాదులు కాయలు కాశాయా. వాళ్ళే చూపిస్తూ చెబుతారు. ఆ నడకలోనే నాన్న నడక ఎలా ఉందో కనపడుతుంది. వంటింట్లో నీళ్ళు తాగుతూ ఫ్రిజ్ తెరిస్తే అమ్మ నాలుగు రోజులుగా ఏం వండుకుంటోందో తెలుస్తుంది. ఇద్దరే ఉన్న ఇళ్ళలో ఒక పూట వండి మూడు పూటలు తినడం మామూలైపోయింది.

వచ్చీ రాగానే "ఇదెందుకు ఇక్కడ పెట్టారు, అది పారేయలేదేం" అని మొదలుపెట్టకండి. అది వాళ్ళ ఇల్లు. మార్చాల్సినవి గుర్తు పెట్టుకుని, మామూలు రోజుల్లో వాళ్ళతో కూర్చుని మాట్లాడి మార్చండి.

ఆరో మెట్టు: పండగ పనిలో చెయ్యి వేయడం

"అమ్మ చేతి అరిసెలు" అని అందరం అంటాం. అరిసెల పని ఎంతో చూసినవాళ్ళు తక్కువ. బియ్యం ఒక రాత్రయినా నానాలి, వడకట్టి తడి ఆరకముందే పిండి పట్టించాలి, జల్లించాలి. బెల్లం పాకం ఒక్క నిమిషం ముదిరితే గట్టిపడతాయి, లేతయితే నూనెలో విడిపోతాయి. పాకంలో పిండి పోస్తూ కలిపే చలిమిడి కలియబెట్టడానికి బలమున్న చెయ్యి కావాలి. నూనెలోంచి తీసిన ప్రతి అరిసెనీ రెండు చెక్కల మధ్య పెట్టి నొక్కాలి. ఒకరు వేస్తుంటే ఇంకొకరు నొక్కాలి, ఒంటరిగా చేసే వంట కాదు. తెలంగాణ ఇళ్ళలో సకినాలూ అంతే. నువ్వులు, వాము కలిపిన పిండిని గుడ్డ మీద చుట్లు చుట్లుగా తిప్పడానికి నలుగురు కూర్చోవాలి.

కాబట్టి పిండి మరకి తీసుకెళ్ళే పని, చలిమిడి కలిపే పని, నొక్కే పని మీరు తీసుకోండి. మగపిల్లలకి ఈ మాట ప్రత్యేకంగా చెబుతున్నాను. పాకం ఎప్పుడు దించాలో అమ్మ పళ్ళెంలో నీళ్ళు పోసి చూసి చెబుతుంది. ఆ చూపు నేర్చుకోవాలంటే పక్కన నిలబడటమే దారి. కొలతలు ఫోనులో రాసుకోండి. అన్ని రకాలూ ఇంట్లోనే చేయాలన్న పట్టు వదిలేలా కూడా మాట్లాడండి. ఏవో రెండు ఇంట్లో చేసి, కజ్జికాయలు, జంతికలు ఊళ్ళో చేసి అమ్మేవాళ్ళ దగ్గర తీసుకుంటే వాళ్ళకీ పండగ గడుస్తుంది, అమ్మకీ నడుము నిలుస్తుంది.

పిల్లలుంటే భోగిపళ్ళు తాతయ్య, నానమ్మల చేతుల మీదుగా జరిగేలా చూడండి. సాయంత్రానికి పిల్లలు అలిసిపోయి ఏడుస్తారు కాబట్టి మధ్యాహ్నం పడుకోబెట్టండి. రేగిపళ్ళు, చెరకు ముక్కలు, బంతి రేకులు, చిల్లర నాణేలు ముందే కలిపి ఉంచుకోండి. ఏడాది లోపు పిల్లలయితే నాణేలు, శనగలు నోట్లో పెట్టుకోకుండా ఒకరు కనిపెట్టుకుని ఉండాలి. భోగి మంటలో టైర్లు, ప్లాస్టిక్ వేయనివ్వకండి. ఉబ్బసం ఉన్న పెద్దవాళ్ళకి ఆ పొగ రెండు రోజులు వదలదు.

కనుమ నాడు కాకి కూడా కదలదంటారు. పశువుల్ని కడిగి, పసుపు కుంకుమలు పెట్టి, మినప గారెలు తినే రోజు. ఆ రోజు బయలుదేరకండి. కోనసీమలో ఉంటే జగ్గన్నతోట ప్రభల తీర్థానికి వెళ్ళేది ఆ రోజే. ప్రభ అంటే దేవుణ్ణి నిలిపి భుజాల మీద మోసుకెళ్ళే ఎత్తయిన అలంకరించిన చట్రం. నాన్న చిన్నప్పుడు ఆ ప్రభ మోసిన కథ చెబుతారేమో, పక్కన నడవండి.

ఏడో మెట్టు: ఆ రెండు మామూలు రోజులు

పండగ మూడు రోజులూ చాలా క్లినిక్కులు, ల్యాబులు మూసి ఉంటాయి. బ్యాంకులకి సెలవులు. అందుకే ఈ పనులకి మామూలు రోజులు కావాలి. ఆసుపత్రి ఒక రోజు, కాగితాలు ఇంకో రోజు పెట్టుకోండి.

ఆసుపత్రికి వెళ్ళే ముందు ఇంట్లో ఉన్న మాత్రల పట్టీలన్నీ మంచం మీద పరవండి. గడువు తీరినవి, రెండు కంపెనీల పేర్లతో ఉన్న ఒకే మందు, ఎప్పుడో ఆపమన్నా వాడుతున్నవి బయటపడతాయి. మందుల పేర్లు, మోతాదు, వేళలు పెద్ద అక్షరాలతో తెలుగులో ఒక కాగితం మీద రాసి గోడకి అంటించండి, దాన్ని ఫొటో తీసి మీ దగ్గరా పెట్టుకోండి. ఏదైనా మానేయాలా వద్దా అన్నది డాక్టరే చెప్పాలి. షుగర్ ఉన్నవాళ్ళకి హెచ్‌బీఏ1సీ అనే రక్త పరీక్ష చేయించండి. పరగడుపున ఉండనక్కర్లేదు, దాదాపు మూడు నెలల సగటు చెబుతుంది కాబట్టి నిన్న అరిసెలు తిన్నారన్న భయమూ వద్దు. కళ్ళు, చెవులు, పళ్ళు అడిగి మరీ చూపించండి. వినపడక నవ్వి ఊరుకునే పెద్దవాళ్ళు చాలామంది ఉన్నారు, ఫోనులో "సరే సరే" అనేది అందుకే. డాక్టరు గదిలోకి మీరు వెళ్ళినా మాట్లాడేది వాళ్ళనే మాట్లాడనివ్వండి.

డెబ్బై నిండినవాళ్ళుంటే ఆయుష్మాన్ వయ వందన కార్డు తీయించండి. 2024 అక్టోబరులో మొదలైంది, ఆదాయంతో పనిలేదు. ఆసుపత్రిలో చేరే వైద్యానికి ఏడాదికి 5 లక్షల రూపాయల దాకా వర్తిస్తుంది. ఆధార్‌తో నమోదు చేయించుకోవాలి. వేలిముద్ర, ఓటీపీ దగ్గర పెద్దవాళ్ళు ఒంటరిగా ఇబ్బంది పడతారు కాబట్టి మీరు పక్కనుంటేనే ఆ పని అవుతుంది.

బ్యాంకులో నామినీ ఉందో లేదో చూడండి. 2025 నవంబర్ 1 నుంచి ఒక ఖాతాకి నలుగురి దాకా నామినీలుగా పెట్టుకోవచ్చు. పట్టాదారు పాసుపుస్తకం, ఇంటి దస్తావేజు, బీమా కాగితాలు ఎక్కడున్నాయో చూపించమని అడిగేటప్పుడు మాట జాగ్రత్త. ఆస్తి కోసం అడుగుతున్నట్టు వినపడితే నాన్న మనసు మూసుకుపోతుంది. అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళు అందరికీ ముందే చెప్పి, అందరి ముందే అడగండి.

ఫోను సంగతి కాసేపు కూర్చుని చెప్పండి. పోలీసులమంటూ వీడియో కాల్ చేసి, కేసు పెట్టామని బెదిరించి డబ్బు లాగే మోసాలు పెద్దవాళ్ళనే ఎక్కువగా పట్టుకుంటున్నాయి. వీడియో కాల్‌లో అరెస్టు చేయడమన్నదే లేదని, ఎవరు బెదిరించినా ఫోను పెట్టేసి ముందు మీకు చేయమని చెప్పండి. డబ్బు పోతే వెంటనే 1930కి చేయాలి. ఆ నంబరు, మీ నంబరు, పక్కింటివాళ్ళ నంబరు, అంబులెన్సు 108 గోడ మీది ఆ కాగితం అడుగునే రాయండి.

ఇవన్నీ రెండు ఉదయాల్లో అయిపోతాయి. రెండు సాయంత్రాలు మాత్రం ఖాళీగా ఉంచండి. అమ్మ పూలు కడుతుంటే పక్కన కూర్చోండి. చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ మాట్లాడుకోండి. ఎదురెదురుగా కూర్చుని "ఎలా ఉన్నావమ్మా" అంటే "బాగానే ఉన్నాను" అనే వస్తుంది. చేతులు పనిలో ఉన్నప్పుడు నోటి వెంట అసలు మాట వస్తుంది.

ఎనిమిదో మెట్టు: ఇబ్బంది పెట్టే ప్రశ్నలు

"పెళ్ళెప్పుడు?", "జీతమెంత?", "పిల్లల సంగతేంటి?" ఈ మూడూ తప్పవు. అత్తయ్యలు, బాబాయిలు అడిగేది చాలాసార్లు మాట కలపడానికే. "కుదిరితే ముందు మీకే చెబుతాను అత్తయ్యా" అని, వెంటనే వాళ్ళ మనవడి చదువు గురించి అడగండి. అందరి ముందూ మళ్ళీ మళ్ళీ గుచ్చేవాళ్ళుంటే పక్కకి పిలిచి, మర్యాదగానే, "ఈ మాట నన్ను బాధపెడుతోంది బాబాయ్, వదిలేయండి" అనండి. భార్యనో భర్తనో ఎవరైనా అడిగి ఇబ్బంది పెడుతుంటే ఆ ఇంటి బిడ్డే ముందుకొచ్చి మాట తిప్పాలి. పండగ రోజు పంపకాలు, పాత అప్పులు, ఎవరు ఎంత పెట్టారన్న లెక్కలు తీయనివ్వకండి. "దీని గురించి ఫిబ్రవరిలో ఒక ఆదివారం కూర్చుందాం" అని తేదీ చెబితే చాలా గొడవలు అక్కడే ఆగుతాయి.

ఇంట్లో ఎవరైనా పోయిన ఏడాది సంగతి వేరు. ఏడాది తిరిగేదాకా ఆ ఇంట్లో పండగ చేసుకోరు. పండగ లేదు కదా అని చాలామంది ఆ ఏడు ఊరికి వెళ్ళరు. నేనైతే ఆ ఏడే తప్పకుండా వెళ్ళమంటాను. వీధంతా ముగ్గులతో, మంటలతో ఉన్నప్పుడు చీకటి వాకిట్లో ఒక్కరే కూర్చునే అమ్మకో నాన్నకో ఆ మూడు రోజులు ఏడాదిలో అన్నిటికంటే పొడుగైనవి. పిండివంటలు వద్దు, కొత్త బట్టలు వద్దు. వెళ్ళి ఉండండి. పోయినవాళ్ళ పేరు ఎత్తకుండా దాటేయకండి, వాళ్ళ మాటలు మీరే మొదలుపెట్టండి.

తొమ్మిదో మెట్టు: తిరుగు ప్రయాణం

అరిసెలు పూర్తిగా చల్లారాకే, నూనె పీల్చే కాగితం పరిచిన స్టీలు డబ్బాలో సర్దాలి. వేడి మీద మూత పెడితే బూజు పడతాయి. పచ్చళ్ళ సీసాకి మూత కింద ప్లాస్టిక్ కాగితం వేసి బిగించి, నిటారుగా నిలబెట్టండి. విమానంలో వెళ్ళేవాళ్ళు పచ్చడి, నెయ్యి చేతి సంచిలో పెట్టుకుంటే తనిఖీలో తీయించేయవచ్చు. బస్తా బియ్యం, కొబ్బరికాయలు వద్దనకండి. మోయలేకపోతే పార్సిల్ బస్సులో వేయించండి గానీ, అమ్మ కట్టిన మూట వెనక్కి పెట్టకండి.

బయలుదేరే రోజు తెల్లవారుజామున పరుగు పెట్టే రైలు కంటే, భోంచేసి వెళ్ళేలా మధ్యాహ్నమో రాత్రో ఉన్న రైలు మంచిది. గుమ్మం దాటే ముందు మళ్ళీ ఎప్పుడొస్తారో తేదీతో సహా చెప్పండి. "వీలు చూసుకుని వస్తాం" అంటే వాళ్ళకి ఉగాది, వేసవి, దసరా అన్నీ ఎదురుచూపులే.

నగరం చేరిన మొదటి వారంలో ల్యాబు రిపోర్టులు తెప్పించుకుని డాక్టరుకి పంపండి. వచ్చే నెల మందులు ఇంటికి చేరే ఏర్పాటు చేయండి. కడ్డీ బిగించిన మనిషికి ఇవ్వాల్సినవి ఉంటే పంపేయండి. పండగ ఫొటోల్లో పది ప్రింట్లు తీయించి పోస్టులో వేయండి, ఫోనులో ఉన్నవి వాళ్ళు వెతుక్కోలేరు. తర్వాత రైలు టికెట్లు చూడండి. జనవరి 20న చూస్తే మార్చి 21 దాకా తెరిచి ఉంటాయి. పండగ లేని ఆ రోజుల్లో శుక్రవారం రాత్రి బెర్తు సులువుగానే దొరుకుతుంది. గుమ్మంలో చెప్పిన తేదీకి టికెట్టు తీసుకుని, ఆ ఫొటో అమ్మకి పంపండి.